వీరభద్రయ్య పక్షవాతం

సాంబమూర్తి మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా తమ రాతప్రతి తెచ్చిస్తే కొన్నాళ్ళు దగ్గర పెట్టుకుని చదివేవారు. ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున్న, రాసినవాడు వచ్చి కూర్చోగానే దాన్ని బల్లమీద పెట్టి, కాగితాలు ఎగిరిపోకుండా పైన జానెడు టేకుముక్క ఒకటి ఉంచి, "కాఫీ తాగుతావా?" అనేవారు. మంచీ లేదు, చెడ్డా లేదు. లోపలినుంచి కాఫీ వచ్చేదాకా రాసినవాడి ప్రాణాలు ఆ టేకుముక్క కిందే ఉండేవి. ఆ కాఫీ కోసం కాచుకోలేకే మాలో ఇద్దరు ముగ్గురు రచన మానేసి సుఖపడ్డారు.

మాస్టారు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. రాసినవి మూడు నవలలే గానీ, రాయాలని పిచ్చి పట్టిన మా బోటివాళ్ళకి గోదావరి గట్టు పక్క వీధిలో ఆయన ఇంటి వసారాయే బడి. వాదించడం ఆయనకు చేతకాదో, ఇష్టమే లేదో తెలియదు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన మాత్రం ఎప్పుడూ పోలేదు. ఎప్పుడో ఎక్కడో జరిగిన సంగతి ఒకటి ఎత్తుకునేవారు. అది తన ప్రశ్నకే జవాబని అడిగినవాడికి తెలిసేసరికి వాడు ఇంటికి చేరేవాడు. ఒక్కోసారి మర్నాడు ఆఫీసులో ఫైలు ముందేసుకుని కూర్చున్నాక తెలిసేది. పురుషోత్తం విషయంలో మాత్రం అంత ఆలస్యం కాలేదు.

పురుషోత్తం కరెంటాఫీసులో పనిచేసేవాడు. నలభైకి దగ్గర పడుతున్నాడు. మా అందరిలోకీ బాగా రాసేది అతనే. ఈ మాట ఒప్పుకోవడానికి అప్పట్లో నాకు మనసు వచ్చేది కాదు, ఇప్పుడు వస్తోంది. ఏళ్ళ తరబడి రాసి, చెరిపి, మళ్ళీ రాసిన నవల ఒకటి అతను మాస్టారికి ఇచ్చాడు. అంతకుముందే మా అందరికీ చదివి వినిపించాడు. అందులో తండ్రి పేరు వీరభద్రయ్య, రైసుమిల్లు యజమాని. కొడుకు మాధవ. కొడుకు ఏం చేస్తానన్నా "నీవల్ల కాదు" అనడం ఆ తండ్రికి ఊతపదం. పాట నేర్చుకుంటానంటే నీవల్ల కాదు, పట్నం పోయి చదువుతానంటే నీవల్ల కాదు, చివరికి ఫలానా పిల్లని చేసుకుంటానన్నా అదే మాట. మాధవ ఇల్లు వదిలి పోతాడు. చాలాకాలానికి తండ్రి మంచాన పడ్డాడని కబురు వస్తుంది. వస్తాడు. మంచం పక్కన నిలబడి, చిన్నప్పటినుంచీ తాను పడ్డదంతా ఒక్కొక్కటే తండ్రి మొహం మీద చెబుతాడు. ఆ చెప్పడం నాలుగు పేజీలు. వింటుంటే ఒళ్ళు జలదరించింది, అబద్ధమెందుకు. నాకైతే మా నాన్నమీద కూడా కోపం వచ్చింది. ఆయన పాపం నన్ను పల్లెత్తు మాట అని ఎరగడు.

ఆ వీరభద్రయ్య ఎవరో మాకందరికీ తెలుసు. పురుషోత్తం తండ్రి లక్ష్మీపతి గారు స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. కొడుకు దగ్గరే ఉంటారు. ఉద్యోగం మానేసి రాసుకుంటూ బతుకుతానని పురుషోత్తం అన్నరోజున, చుట్టాలందరి ముందూ ఆయన "నీవల్ల కాదు" అన్నారు. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఒకే ఇల్లు, ఒకే పంపు, పక్కపక్కనే పీటలు. "ఆయన మందులు తెచ్చానని చెప్పు" అని ఇతను, "వాడు గొడుగు మరిచిపోయి పోతున్నాడని చెప్పు" అని ఆయన. ఇద్దరి మధ్యా పురుషోత్తం భార్య. దసరాలోగా నవల అచ్చువేస్తామని ఒక ప్రెస్సువాళ్ళు ఒప్పుకున్నారు. లక్ష్మీపతి గారు బజారునుంచి వచ్చిన పొట్లం కాగితం కూడా విప్పి చదివే మనిషి. పుస్తకం ఇంట్లోకి వస్తుంది, ఆయన చదువుతారు, మంచాన పడ్డ ఆ తండ్రిలో తన్ను చూసుకుంటారు. ఒకసారి అచ్చయ్యాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. పురుషోత్తానికి కావలసింది అదేనో, అతని భయమూ అదేనో మాకు అంతుపట్టేది కాదు. అతనికి మాత్రం పట్టిందని నేననుకోను.

ఆ ఆదివారం మేం నలుగురం ఉన్నాం. రాతప్రతి బల్లమీదికి వచ్చింది, దానిమీద టేకుముక్క కూచుంది, లోపలికి కాఫీ కబురు వెళ్ళింది. పురుషోత్తం కాఫీ వచ్చేదాకా ఆగలేకపోయాడు.

"మాస్టారూ, ఒక్కటే అడుగుతాను. మాధవ తండ్రిని క్షమించాలా, వద్దా? రెండు రకాలుగానూ రాసి చూశాను. క్షమిస్తే సినిమాలా ఉంది. క్షమించకపోతే నాకు నిద్ర పట్టడం లేదు."

మాస్టారు కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు. నవల చివర కొడుకు అంతసేపు మాట్లాడతాడు కదా, తండ్రి ఏమంటాడని అడిగారు. ఏమీ అనడని చెప్పాడు పురుషోత్తం. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది కదా, కళ్ళతో చూస్తూ ఉంటాడంతే అన్నాడు.

"పక్షవాతం ఎవరు తెప్పించారు?"

పురుషోత్తానికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నేనేనండి" అన్నాడు. మేం నవ్వాం. అతనూ నవ్వబోయి మానేశాడు. మాస్టారు ఇంక ఆ ఊసెత్తలేదు. టేకుముక్క చేతిలోకి తీసుకుని వేలితో రాస్తూ, తాను బడిలో పంతులుగా చేరకముందు సంగతి మొదలుపెట్టారు.

పెళ్ళయిన కొత్తలో మాస్టారు ఒక కలప అడితిలో గుమస్తాగా చేశారట. ఏజెన్సీ కొండలనుంచి తెప్పలు కట్టి గోదావరిమీద దింపిన దుంగలు ఆ అడితికి వచ్చేవి. అక్కడ గవరయ్య, అబ్బులు అని తండ్రీకొడుకులు కోతపని చేసేవారు. కోతమిల్లులు అప్పుడప్పుడే వస్తున్నాయి గానీ, పెద్ద దుంగను పడవపలకలుగా కొయ్యాలంటే జనం ఇంకా చేతిరంపాన్నే నమ్మేవారు. మనిషికంటే ఎత్తుగా గుంజలు పాతి, వాటిమీదికి దుంగను ఎక్కించి కట్టేవారు. బొగ్గునీళ్ళలో ముంచిన తాడును దుంగ పొడుగునా బిగించి ఒక్కసారి మీటితే నల్లగా గీత పడేది. ఆ గీత వెంబడి కొయ్యాలి. ఒకడు దుంగమీద నిలబడతాడు, ఒకడు దాని కింద నిలబడతాడు. ఇద్దరి మధ్యా నిలువెత్తు రంపం. కిందివాడు లాగితే కోత తెగుతుంది, పైవాడు ఎత్తితే రంపం మళ్ళీ పైకి వస్తుంది. పైవాడు గీతమీదినుంచి చూపు తిప్పకూడదు. కిందివాడు అసలు పైకే చూడకూడదు, తల ఎత్తాడంటే రంపపు పొట్టంతా కళ్ళలో పడుతుంది. గవరయ్య పైన, అబ్బులు కింద. మీసం రాకముందునుంచీ అబ్బులుది కింది చోటే.

పైన నిలబడ్డవాణ్ణి అందరూ మేస్త్రీ అంటారు. షావుకారు మాట్లాడేది అతనితోనే. టీ వచ్చిందంటే మొదటి గ్లాసు అతనిదే. కిందివాడు పొద్దస్తమానం పొట్టులో మునిగి, సాయంత్రానికి కనుబొమలమీద కూడా పిండి జల్లినట్టు తయారై, నూతి దగ్గర కూచుని దగ్గుతూ ఉంటాడు. అబ్బులుకి పెళ్ళయింది, పిల్ల పుట్టింది. ఒకరోజు తండ్రిని అడిగాడు, ఇకమీదట నేను పైకెక్కుతాను, నువ్వు కిందకి రా అని. అడితిలో పదిమంది ఉన్నారు. గవరయ్య ఆకురాయితో రంపం పళ్ళు రాస్తున్నాడు. తల ఎత్తనైనా ఎత్తకుండా అన్నాడు.

"నీవల్ల కాదు."

ఇక్కడ పురుషోత్తం మాస్టారి మొహంలోకి చూశాడు. మాస్టారు అతనివైపు చూడలేదు, చెప్పుకుంటూ పోయారు.

ఆ రోజుతో తండ్రీకొడుకులకి మాటలు పోయాయి. ఇన్నేళ్ళూ నీ పొట్టు తిన్నాను, ఇంక నీతో నాకు మాటేమిటి అన్నాడు అబ్బులు. అదే ఆఖరు మాట. అయినా పొద్దున్నే ఇద్దరూ పనికి వచ్చేవారు, ఆ కొసనొకరూ ఈ కొసనొకరూ ఒకే రంపాన్ని మోసుకుంటూ. వేరేవాడితో లాగడం ఇద్దరికీ రాదు. ఒకరి చేతికి ఒకరు అంతగా అలవాటు పడిపోయారు. రంపం ఆడుతున్నంతసేపూ మాట అక్కర్లేదు కూడా. కిందివాడు ఆపమనాలంటే పిడికిలితో దుంగను కొడతాడు, పైవాడు ఆపుతాడు. ఆ చప్పుడు ఒక్కటీ వాళ్ళిద్దరి మధ్యా మిగిలింది. రంపం ఆగాకే వచ్చింది చిక్కు. కోత మూసుకుపోకుండా మధ్యలో చెక్కమేకు కొట్టాలి, నూనె రాయాలి, దుంగను దొర్లించాలి. వీటికి నోరు కావాలి. ఆ నోరు సాంబమూర్తి మాస్టారిదే అయింది. మేకు కొట్టమని అబ్బులుకి చెప్పండి బాబూ అని గవరయ్య పైనుంచి అనేవాడు. ఆ మాట అబ్బులుకి వినపడుతూనే ఉంటుంది. అయినా గుమస్తాగారు వచ్చి మళ్ళీ చెప్పేదాకా సుత్తి ముట్టుకునేవాడు కాదు. నిలువెడు దూరంలో ఉన్న ఇద్దరి మధ్య టపా మోసే ఉద్యోగం తనకు తప్ప ఇంకెవరికీ ఉండి ఉండదని, దానికి జీతం కూడా లేదని మాస్టారు అంటే మేం పగలబడి నవ్వాం. పురుషోత్తం నవ్వలేదు. అలాంటి ఉద్యోగం తన ఇంట్లో ఎవరు చేస్తున్నారో అతనికి గుర్తొచ్చి ఉండాలి. కాలి బొటనవేలితో గచ్చుమీద రాస్తూ కూచున్నాడు.

ఇలా ఉండగా ఒక పడవ యజమాని పెద్ద టేకుదుంగ కొన్నాడు. కొత్త పడవకి అడుగుపలకలు అందులోంచే రావాలి. ఉన్నదంతా ఊడ్చి కొన్న దుంగ అది, గీత తప్పిందంటే మనిషి లేవలేడు. గవరయ్య తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదని షరతు పెట్టాడు. దుంగను గుంజలమీదికి ఎక్కించారు, గీత కొట్టారు. గవరయ్య పైకెక్కి పిడి పట్టుకున్నాడు. అప్పుడు అబ్బులు కిందనుంచి ఇవతలికి వచ్చి గుమస్తాగారి ముందు నిలబడ్డాడు.

"ఆయనకి సెప్పండి బాబూ. ఈ దుంగ అయ్యాక నేను మిల్లుకెల్లిపోతన్నాను. మాట్టాడేసుకున్నాను."

ఈసారి ఆ మాట చేరవెయ్యడానికి మాస్టారికి నోరు రాలేదట. చేరవెయ్యక్కర్లేదు కూడా, పైనున్న మనిషి విన్నాడు. కొడుకు పోతే గవరయ్యకి ఒక చెయ్యి పోయినట్టు కాదు, పనే పోయినట్టు. ఆ వయసులో కొత్తవాడి లాగుడికి అలవాటుపడటం జరిగేపని కాదు. రంపాన్ని గోడకి తగిలించి ఇంట్లో కూచోవాలి. ఆ సంగతి అక్కడున్న అందరికంటే ఆయనకే బాగా తెలుసు. దుంగమీద అలా కాసేపు నిలబడి, పిడి వదిలి, నెమ్మదిగా కిందికి దిగాడు.

"ఆడికి సెప్పండి. ఈ దుంగ ఆణ్ణే పైనుంచి కొయ్యమనండి."

అని, తలకి తువ్వాలు చుట్టుకుని దుంగ కిందికి వెళ్ళి నిలబడ్డాడు. అడితిలో మిగతావాళ్ళంతా పని ఆపేశారు. దుంగ పాడైతే తన ఉద్యోగం ఊడుతుందని మాస్టారికి తెలుసు. అయినా ఎందుకో వద్దనలేదట.

అబ్బులు పైకెక్కాడు. ఇన్నేళ్ళుగా కోరుకున్న చోటు అది. ఛాతీ విరుచుకుని, పిడి పట్టుకుని, కిందికి చూశాడు. చూస్తే ఏమీ లేదు. కాళ్ళ కింద దుంగ, దుంగమీద గీత, చేతిలో పిడి, అంతే. కింద మనిషి ఉన్నాడో లేడో కూడా కనపడదు, దుంగ అడ్డం. తండ్రి ఇన్నేళ్ళూ తనను చూడలేదని అబ్బులుకి ఎప్పుడూ ఒక ఉక్రోషం ఉండేది. చూడాలన్నా అక్కణ్ణుంచి కనపడదని అతనికి ఆ పూటే తెలిసింది.

కోత మొదలైంది. మొదటి నాలుగు లాగుళ్ళూ తిన్నగానే పడ్డాయి. తర్వాత రంపం వణకడం మొదలెట్టింది. మాస్టారికి ముందు కారణం తెలియలేదు, కాస్త నిదానించి చూస్తే అర్థమైంది. అబ్బులు చేతులకి కిందికి లాగడమే తెలుసు. పైన నిలబడి కూడా బలమంతా పెట్టి రంపాన్ని కిందికి అదుముతున్నాడు, ఎత్తవలసినప్పుడు ఎత్తకుండా చేతులు వదులు చేస్తున్నాడు. గవరయ్య చేతులకి ఎత్తడమే తెలుసు. కింద నిలబడి కూడా పైకి పొడుస్తున్నాడు, లాగవలసినప్పుడు ఊరుకుంటున్నాడు. ఇద్దరూ చోట్లు మారారు గానీ ఎవడి పని వాడు తనతోపాటే మోసుకెళ్ళాడు. రంపం మధ్యలో విల్లులా వంగింది. గీత వదిలి పక్కకి పోయింది. బెత్తెడు దూరం అలా పోయి, కొయ్యలో బిగుసుకుని, ఇంక అటూ కదల్లేదు, ఇటూ కదల్లేదు.

కిందనుంచి దుంగమీద పిడికిలి చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు అబ్బులు ఇన్నేళ్ళూ చేసిందే గానీ, పైనుంచి ఎన్నడూ విన్నది కాదు. రంపం ఆగే ఉంది. ఇంకేం ఆపాలో తెలియక నిలబడ్డాడు. మళ్ళీ చప్పుడు వచ్చింది, ఈసారి మెత్తగా. అబ్బులు దుంగమీద బోర్లా పడుకుని, అంచునుంచి తల కిందికి వేలాడేసి చూశాడు.

గవరయ్యకి కింద ఎలా నిలబడాలో తెలియదు. ఎప్పుడో పిల్లవాడిగా ఉన్నప్పుడు నిలబడ్డదే, మరిచిపోయాడు. తువ్వాలు మొహానికి కట్టుకోవాలని కూడా తోచలేదు, పైన ఎండకి చుట్టుకున్నట్టే తలకి చుట్టుకున్నాడు. పొట్టంతా మొహంమీద పడింది. కళ్ళు రెండూ మూసుకుపోయాయి. కళ్ళనుంచి నీళ్ళు కారి, ఆ పొట్టులో చారలు కట్టాయి. అయినా ఒక చేత్తో పిడి వదల్లేదు, రెండో చెయ్యి దుంగ కోసం గాలిలో తడుముతోంది. పొట్టువల్ల వచ్చిన నీళ్ళా, ఇంకెందుకైనా వచ్చినవా అని తాను అప్పుడూ అడగలేదు, తర్వాతా అడగలేదన్నారు మాస్టారు.

అబ్బులు దిగాడు. కుండలో నీళ్ళు తెచ్చి తండ్రి కళ్ళు కడిగాడు. తలకున్న తువ్వాలు విప్పి, దులిపి, ముక్కు మీదుగా చుట్టి, వెనక ముడి వేశాడు. తలంటు పోయించుకునే పిల్లాడిలా గవరయ్య కళ్ళు మూసుకుని, కట్టించుకున్నాడు. ముడి వేస్తూనే అబ్బులు మాట్లాడాడు. మధ్యలో గుమస్తా లేడు.

"కళ్ళు మూసుకునే లాగాలి నాన్నా. నువ్వేం సూడక్కర్లేదు. సేతికే తెలిసిపోద్ది."

గవరయ్య తువ్వాల్లోంచే జవాబు చెప్పాడు.

"రంపాన్ని అదమకు, లేపు. నడుంతో లేపకు, మోకాళ్ళతో లేపు. నడుంతో లేపే మా అయ్య ఒంగిపోయి సచ్చేడు." తన నడుం పట్టుకుని అన్నాడు. "నాదీ అయిపోనాది. పొట్టుకైతే తువ్వాలుందిరా. దీనికేటుంది."

అబ్బులు తండ్రి నడుంమీద ఒకసారి చెయ్యి వేశాడు. నొక్కలేదు, నిమరలేదు, ఉందో లేదో చూసుకుంటున్నట్టు ఊరికే వేసి తీశాడు. ఆ ముక్క ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అతను అడుగుతాడనుకున్నారు మాస్టారు. అడగలేదు. మేకు కొట్టి రంపాన్ని విడిపించి, మళ్ళీ పైకెక్కాడు.

ఇంతవరకు చెప్పి మాస్టారు కాస్త ఆగారు. మాలో ఒకడు, అయితే గవరయ్యది మొదటినుంచీ ప్రేమేనన్నమాట అన్నాడు. మాస్టారికి ఆ మాట నచ్చలేదు. అలా తీర్మానించెయ్యకు అన్నారు. మేస్త్రీ అనిపించుకోవడం గవరయ్యకి ఇష్టమేనట. మొదటి టీ గ్లాసు అందుకునేటప్పుడు ఆయన మొహం చూసితీరాలట. కొడుకు నడుం కోసం ఎంత, తన దర్జా కోసం ఎంత అని విడదీసి చెప్పమంటే గవరయ్యే చెప్పలేడు. అబ్బులు పొట్టు తిన్నదీ అబద్ధం కాదు. పైకెక్కిన తర్వాత కూడా అతనికి ఆ దగ్గు పోలేదు, చాలాకాలం ఉంది.

దుంగ కోత పూర్తయింది. ఒక పూట కొడుకు పైన, ఒక పూట తండ్రి పైన. అదమకు అని ఒకరు, కళ్ళు మూసుకో అని ఒకరు అరుచుకుంటూనే ఉన్నారు. అడితిలో వాళ్ళకి ఆ గోలతో చెవులు చిల్లులు పడ్డాయి. వంకర పోయిన కొసను జానెడు మేర కోసి పారేశారు. పడవ యజమాని కాసేపు గొణిగి, పలకలు అక్కరకు వస్తాయని తేలాక ఊరుకున్నాడు. ఆ తర్వాత అబ్బులు మిల్లుకి వెళ్ళనే వెళ్ళాడు. అక్కడ ఎత్తడమూ లేదు, లాగడమూ లేదు. రంపం గోడకెక్కింది. పని లేని గవరయ్య రోజూ మిల్లు బయట బల్లమీద కూచుని, గీత తప్పుతోందని ఆ యంత్రాన్ని బూతులు తిట్టేవాడు. టీ వేళకి అబ్బులు బయటికి వచ్చేవాడు. మొదటి గ్లాసు తండ్రికిచ్చి, రెండోది తాను తాగేవాడు.

కాఫీ ఎప్పుడు వచ్చిందో మేం చూసుకోలేదు. గ్లాసులమీద మీగడ కట్టింది. మాస్టారి చేతిలో టేకుముక్కను నేను ఆ రోజే సరిగ్గా చూశాను. ఒక పక్క కోత తిన్నగా మొదలై, నడుమ పక్కకి జారి, ఒకచోట ఆగిపోయి ఉంది. ఇన్నేళ్ళూ మా కాగితాలమీద బరువు పెట్టిన వస్తువు అదే.

 పురుషోత్తం కళ్ళు ఎర్రబడ్డాయి. మా మధ్యన ఉన్నానన్న సిగ్గు కూడా మరిచిపోయినట్టున్నాడు. చివరికి, తాను తెచ్చిన ప్రశ్నే మళ్ళీ అడిగాడు.

"అబ్బులు తండ్రిని క్షమించాడా మాస్టారూ?"

"ఏమో. ఆ మాట వాళ్ళిద్దరికీ తోచినట్టు లేదు."

అని మాస్టారు టేకుముక్కను బల్లమీద ఓ పక్కన పెట్టి, రాతప్రతి తీసి రెండు చేతులతో పురుషోత్తానికి ఇచ్చారు. అతను లేచి నిలబడి అందుకున్నాడు. చెప్పులు వేసుకుని మెట్లు దిగుతుంటే మాస్టారు వెనకనుంచి పిలిచారు.

"ముందు ఆయన పక్షవాతం నయం చెయ్యి నాయనా. తరవాత సంగతి ఆయనే చెబుతాడు."